గోడమీది పెద్దలు

పిడుగురాళ్ల పేరు వినగానే తెలుగువారికి సున్నం జ్ఞప్తికి వస్తుంది. ఊరిచుట్టూ సున్నపురాయి, ఆ రాయిని కాల్చే బట్టీలు. ఇక్కడినుండి పోయిన సున్నం ఎన్ని ఊళ్ల గోడలను తెల్లబరచినదో లెక్క చెప్పలేము. సంక్రాంతి దగ్గరపడగానే ఇంటింటా వెల్లవేస్తారు. వెల్ల వేయవలెనంటే ముందు గోడలు ఖాళీ చేయవలెను. దేవుడి పటాలతోపాటు పెద్దల పటాలు కూడ కిందికి దిగుతవి. ఏడాది పొడుగునా గోడమీద ఉన్న ఆ ముఖాలను ఇంటివారు చేతిలోకి తీసుకొని దుమ్ము తుడిచి చూచేది ఆ ఒక్కనాడే.

అటువంటి దినమున మేము పిడుగురాళ్లలో ఒక ఇంటికి వెళ్లడం తటస్థించినది. వసారాలో నులకమంచంమీద పటాలు పరచి ఉన్నవి. వాటిలో ఒకటి పాతది. అంచులు పసుపుబారి, ఒక మూల చెదలు తిన్నది. కుర్చీలలో కూర్చున్న దంపతులు, వారి ముందు నిలబడిన ఇద్దరు మగపిల్లలు, వెనుక ఒక ప్రక్కగా, తెల్లచీర కొంగు తలమీదుగా కప్పుకొని నిలుచున్న ఒక స్త్రీ. ఆ ఇంటి యువకుడు తన వంశవృక్షమును కాగితంమీద చక్కగా గీసి ఉంచినాడు. కూర్చున్నవారు తన ముత్తాత, తాతమ్మ అనీ, పిల్లలలో పెద్దవాడు తన తాత అనీ చెప్పినాడు. వెనుకనున్న ఆమె ఎవరని అడిగినాము. "తెలియదండీ. పనిమనిషి అయి ఉంటుంది" అన్నాడు. ఆ మాట అన్నవానికి తప్పు తోచలేదు, విన్నవారికీ తోచలేదు. ఆమె ఎవరో తరువాత తెలిసినది. ఆ సంగతి చెప్పేముందు, ఒక ఇల్లు తన పెద్దలను ఏయే విధాలుగా జ్ఞాపకం ఉంచుకొంటూ వచ్చినదో ఈ పలనాటి నేలమీదనే ఒకసారి చూడడం మంచిది.

మనం నేడు ఛాయాచిత్రం అంటున్నాము. ఇంచుమించు ఆ మాటే ఈ ప్రాంతంలో పదునేడు వందల ఏండ్ల క్రిందట రాతిమీద కనబడుతున్నది. నాగార్జునకొండ లోయలో విజయపురి రాజధానిగా ఏలిన ఇక్ష్వాకుల కాలమున, మరణించినవారి స్మృతికై నిలిపిన స్తంభాలను ఛాయాస్తంభాలు అన్నారు. చనిపోయినవారి ఛాయ, అనగా రూపము, ఆ రాతిమీద చెక్కేవారు. క్రింద వారి పేరు, నిలిపినవారి పేర్లు ప్రాకృతంలో వ్రాసేవారు. ఆ వంశమునకు మూలపురుషుడైన వాసిష్ఠీపుత్ర చాంతమూలునికి అటువంటి స్తంభము ఒకటి దొరికినది. అది అతని కుమారుడు వీరపురుషదత్తుని 20వ పాలనవత్సరమున నిలిపినది. నిలిపినవారు ఎవరు? చనిపోయిన రాజుయొక్క తల్లులు, తోబుట్టువులు, భార్యలు. వారి పేర్లు రాతిలో నేటికీ చదువుకోవచ్చును.

మరొక విశేషం. ఈ రాజులు తండ్రిపేరుతోగాక తల్లి గోత్రనామముతో తమ్ము చెప్పుకొన్నారు. వాసిష్ఠి కుమారుడు చాంతమూలుడు. మాఠరి కుమారుడు వీరపురుషదత్తుడు. వీరపురుషదత్తుడు తన మేనత్తల కుమార్తెలనే వివాహమాడినాడని శాసనములే చెప్పుచున్నవి. మన ఇండ్లలోని మేనరికము ఎంత పాతదో దీనినిబట్టి ఊహించవచ్చును. వంశవృక్షం గీయబూనినవారిని తికమక పెట్టేదికూడ ఈ మేనరికమే. చెట్టుకొమ్మలు విడిపోతవిగాని తిరిగి కలియవు. మన వంశములలో కొమ్మలు ప్రతి రెండు తరాలకూ మళ్లీ వచ్చి అల్లుకొంటవి. మనవి వృక్షాలు కావు, పందిరిమీది తీగెలు.

ఇక పలనాటి యుద్ధం సంగతి. పన్నెండవ శతాబ్దిలో కారెంపూడి రణరంగమున జరిగిన ఆ పోరునకు కోడిపందెము కారణమని పిల్లలు కూడ చెబుతారు. కాని కథ లోతుగా విన్నవారికి దాని మొదట ఉన్నది ఒక కుటుంబవృత్తాంతమేనని తెలుస్తుంది. అనుగురాజునకు ముగ్గురు భార్యలు. ఒకరి కుమారుడు నలగామరాజు. మరొకరి కుమారులు మలిదేవాదులు. రాజ్యం ఎవరిది, పాలు ఎంత అనే దాయాదుల తగవే నాయకురాలు నాగమ్మ, బ్రహ్మనాయుడు అను ఇద్దరు మంత్రుల చేతులలోబడి యుద్ధమైనది. ఎవరు ఎవరికి ఏమవుతారు అన్నది వట్టి కాలక్షేపపు ప్రశ్న కాదని పలనాడు నెత్తురుతో నేర్చుకొన్నది.

ఆ వీరులను మరువకుండ నిలిపినవి గ్రంథములకంటె ముందు మనుష్యుల కంఠములు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో అచ్చువేయించినారు. కాని దానికి వెలుపల వీరవిద్యావంతులు ఈ కథను తరతరాలుగా పాడుచు వచ్చినారు. అలిసెట్టి గాలెయ్య అను గాయకుని నోట విన్న కథను యంత్రంమీద పట్టి, జీన్ రోఘేర్ అను అమెరికా పండితుడు 1982లో ఆంగ్లమున గ్రంథముగా వెలువరించినాడు. ఏటా కార్తిక అమావాస్యతో కారెంపూడిలో వీరుల ఉత్సవాలు మొదలవుతవి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని అయిదు దినములు. వీరాచారము గలవారు తమ పూర్వుల ఆయుధాలైన కొణతాలను మోసుకొని వచ్చి నాగులేటిలో కడిగి పూజిస్తారు. మన ఇంటి గోడకు పటము ఎటువంటిదో ఆ ఇండ్లకు కొణతము అటువంటిది. దానిని చేతపట్టుటయే తాను ఎవరివాడో చెప్పుకొనుట.

మామూలు కాపు ఇంటికి ఇటువంటి కావ్యము లేదుగదా అంటారు. వారికి పిచ్చకుంట్లవారు ఉండేవారు. పంటలు ఇంటికి చేరిన దినములలో ఈ గాయకులు వాకిట నిలిచి, ఆ ఇంటి గోత్రము, ఇంటిపేరు, మూలపురుషుడు ఏ ఊరినుండి కదలి వచ్చినాడో వరుసగా చెప్పి, ధాన్యం పుచ్చుకొని పోయేవారు. పద్మశాలీలకు, మాదిగలకు, ఇంకను ఇతర కులములవారికి కూడ తమ తమ వంశములను చెప్పేవారు వేరువేరుగా ఉండిరి. తమకంటూ చదువు లేని ఇండ్లకు వీరే నడిచే పుస్తకములు. ఆ గాయకుని బిడ్డ మరొక వృత్తికి పోయిననాడు ఒక పుస్తకము కాదు, ఒక గ్రంథాలయమే మూతబడినది.

బ్రాహ్మణాదుల ఇండ్లలో మరొక ఏర్పాటు కలదు. పితృకార్యములలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు చెప్పవలెను. తల్లి, నాయనమ్మ, తాతమ్మ పేర్లూ చెప్పవలెను. కన్యాదాన సమయమున ఇరువైపులా మూడు తరాలు ఉగ్గడిస్తారు. కాని మూడు తరాలు దాటగానే నాలుగవ పేరు జారిపోతుంది. దానికి తోడు తాతపేరు మనుమనికి పెట్టే అలవాటు. ఒకే పేరు తరం విడిచి తరం తిరుగుతూ ఉంటే, దస్తావేజులోని ఫలానా రామయ్య తాతయో మనుమడో తెలుసుకొనుట కష్టము.

అప్పుడు కాగితములు అవసరమగును. ఇందులో పలనాటివారు తెలుసుకొనదగిన సంగతులు కొన్ని ఉన్నవి. పలనాడు ఆర్కాటు నవాబు నుండి 1801లో కుంఫిణీవారి క్రిందికి వచ్చినది. ఆ దినములలో కల్నల్ మెకంజీ, అతనివద్ద పనిచేసిన కావలి సోదరులు ఊరూరి కరణములచేత గ్రామచరిత్రలు సేకరింపజేసినారు. వాటినే కైఫియత్తులు అంటున్నాము. ఊరు ఎవరు కట్టినారు, గుడి ఎవరు ఎత్తినారు, కరణీకం ఎవరినుండి ఎవరికి వచ్చినది అను వివరములు వాటిలో దొరుకుతవి. తరువాత 1858లో ఏర్పడిన ఇనాం కమీషన్ వారు ప్రతి ఇనాం భూమికి రిజిస్టరు వ్రాసినారు. అందులో మొదట దానం పుచ్చుకొన్నవాని పేరు, అప్పటి అనుభవదారు పేరు, అతడు మొదటివానికి ఏమవుతాడో ఆ వరుస కూడ ఉండును. పూజారులు, కరణములు, వెట్టివారు, మంగలి, చాకలి మొదలైన గ్రామసేవకుల ఇండ్లకు ఇది అమూల్యమైన ఆధారము.

వెదకబోయేవారు ఒక మెలిక గుర్తుంచుకోవలెను. గుంటూరు జిల్లాను 1859లో రద్దుచేసి కృష్ణా జిల్లాలో కలిపినారు. మళ్లీ 1904 అక్టోబరు 1న గుంటూరు జిల్లా ఏర్పడినది. కావున ఆ నలుబదియైదు సంవత్సరాల పలనాటి కాగితములకు కృష్ణా జిల్లా పేరుతో వెదకవలెను. ఇక 2022 ఏప్రిల్ 4నుండి నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లాయే వేరైనది. ఇల్లు కదలలేదు, పొలం కదలలేదు. చిరునామా మాత్రం నాలుగు తరాలలో మూడుసార్లు మారినది. గ్రామ కరణముల పదవులు 1984లో రద్దయినవి. ఊరి లెక్కలతోపాటు ఊరి జ్ఞాపకమును కూడ మోసిన ఆ వంశములలో కొందరి ఇండ్లలో పాత కవిలెలు ఇంకను అటకమీద ఉండవచ్చును. క్రైస్తవ కుటుంబములవారికి బాప్తిస్మపు పుస్తకములు మరొక ఆధారము. లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో గుంటూరు చేరి, 1849లో గురజాలకు వచ్చినాడు.

పెద్దలు చెప్పే కాలనిర్ణయము కూడ నేర్చుకొని వినవలెను. "మా తాత ధాతలో పుట్టినాడు" అంటే అది 1876 కావచ్చు, 1936 కావచ్చు. ప్రభవ 1867లోను, 1927లోను, 1987లోను వచ్చినది. అక్కడినుండి వ్రేళ్లమీద లెక్కించుకోవచ్చును. ఏ అరువదియో తేల్చడానికి కరువో, గాలివానో, రైలో సాక్ష్యం చెప్పవలెను. నందన సంవత్సరం, 1832-33 నాటి కరువులో గుంటూరు జిల్లా ఐదు లక్షల జనములో రెండు లక్షలమంది దాకా మరణించినారని అప్పటి అంచనా. ఎంత వెదకినా ఆ కరువుకు అవతల పేరు దొరకని ఇల్లు ఉన్నదంటే అందుకు ఆశ్చర్యపడవలసినది లేదు.

ఈ కంఠములకు, కాగితములకు తోడుగా ముఖములు వచ్చి చేరినది ఛాయాచిత్రముతో. ఐరోపాలో 1839లో వెల్లడియైన ఈ విద్య త్వరలోనే మన దేశానికి వచ్చినది. మొదట అది దొరల చేతిలోని వస్తువు. 1868 మొదలు 1875 వరకు ఎనిమిది సంపుటములుగా వెలువడిన "పీపుల్ ఆఫ్ ఇండియా" అను గ్రంథములో 468 చిత్రములు ఉన్నవి. కాని వాటిలో చాలవాటి క్రింద ఉన్నది కులం పేరో జాతి పేరో. మనిషి పేరు కాదు. అక్కడ కెమెరా ముందు నిలిచినవాడు ఒకరికి తండ్రి, ఒకరికి కొడుకు అన్న సంగతి ఆ పుస్తకానికి పట్టలేదు.

మనవారు కెమెరా పట్టిన తరువాత చూపు మారినది. నిజాం ఆస్థాన చిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ సికిందరాబాదులో స్టూడియో నడిపినాడు. ఘోషాలోని స్త్రీలకోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకముగా స్టూడియో తెరచి, దానిని ఒక ఆంగ్ల వనిత చేతిలో పెట్టినాడు. సంస్థానములనుండి పట్టణములకు, పట్టణములనుండి పల్లెలకు ఈ వేడుక దిగినది. గుంటూరునుండి మాచర్లకు రైలు 1930 ప్రాంతమున వచ్చినది. ఆ బండి పిడుగురాళ్లమీదుగా పోతుంది గనుక, జీవితంలో ఒక్కసారి పట్నంపోయి పటం తీయించుకొందామన్న కోరిక పలనాటి రైతుకు అందుబాటులోకి వచ్చినది.

ఆ కాలపు పటమును చదువుటకు ఓపిక కావలెను. వెనుక తెరమీద రాజప్రాసాదపు స్తంభములు, మెట్లు ఉంటవి. అవి మన ముత్తాతవి కావు, స్టూడియోవి. ప్రక్కనున్న గుండ్రబల్ల, కాగితపు పూలు కూడ స్టూడియోవే. కొన్నిచోట్ల కోటు కూడ అద్దెదే. కాని చేతులు అద్దెవి కావు. మోకాళ్లమీద బోర్లించిన ఆ కాయకష్టపు చేతులు, ఊపిరి బిగబట్టిన ముఖములు, కదలిన పసిపిల్ల చెదిరిన రూపము మాత్రం నిజము. ఎవరు కూర్చున్నారు, ఎవరు నిలుచున్నారు, ఎవరి భుజంమీద ఎవరి చేయి ఉన్నది, ఇదంతా ఆ ఇంటి మర్యాద వ్రాసిన లిపి. అట్టమీద స్టూడియో ముద్ర, వెనుకవైపు పెన్సిలు గీత కూడ తప్పక చూడవలెను.

పిడుగురాళ్ల పటమును చట్రంనుండి నెమ్మదిగా విప్పించి వెనుకకు త్రిప్పినాము. మాసిన అక్షరములలో "శ్రీముఖ మాఘం" అని ఉన్నది. శ్రీముఖ 1933లో వచ్చినది; మాఘం అంటే 1934 ఆరంభము. అప్పుడు ఆ యువకుడు తన నాయనమ్మను వసారాలోకి నడిపించి తెచ్చినాడు. ఎనుబది దాటిన ఆమె పటమును కండ్లకు దగ్గరగా పెట్టుకొని చాలసేపు చూచినది.

"ఇది మా పెద్దత్తమ్మ గదయ్యా. పనిమనిషి అంటావేందిరా?" అన్నది.

ఆమె కూర్చున్న పెద్దమనిషికి అక్క. పన్నెండవ ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చినది. ధరలు పడిపోయి రైతులు అప్పులపాలైన ఆ రోజులలో ఇంటి చెలక తాకట్టుబడినదట. ఆమె తన మెడలోవి, చేతులవి తీసియిచ్చి విడిపించినదట. "నేను కాపరానికొచ్చిన కొత్తల్లో నాకు అన్నం పెట్టిన చెయ్యి అది" అని ఆ ముసలమ్మ పటం తుడిచినది. ఇంటివారు ట్రంకుపెట్టె దించి దస్తావేజులు వెదకినారు. చెల్లురసీదు వ్రాసిన తాకట్టుపత్రము దొరికినది. ఫలానావారి కుమార్తె, ఫలానావారి భార్య, వితంతువు అని ఆమె పేరు, వేలిముద్ర దానిమీద ఉన్నవి. పైకం చెల్లించినది ఆమెయే.

ఆ పిల్లవాడు తాను గీసిన వంశవృక్షం ముందు పెట్టుకొని ఊరకున్నాడు. అందులో ఆమెకు చోటు లేదు. అతడు కావాలని విడిచినది కాదు. ఆ లెక్క పద్ధతియే అటువంటిది. కొడుకునుండి కొడుకునకు గీత గీచుకొంటూ పోతే ఆడబిడ్డ పెండ్లితో జారిపోతుంది, సంతతి లేనివారు అంతకుముందే రాలిపోతారు. ఎవరి నగలవల్ల ఆ పొలం నిలిచి, ఆ పొలంవల్ల తాత చదువుకొన్నాడో, ఆమె పేరే ఆ కాగితంమీద లేదు. చాంతమూలుని రాతిస్తంభముమీద ఉన్న అక్కచెల్లెండ్ర పేర్లు నేటి కాగితముమీదినుండి ఎప్పుడు జారిపోయినవో అని మాకు తోచినది.

దూరదేశములలో ఉన్న మనవారికి ఈ వెదకులాట మరింత ఆర్తితో కూడినది. చెన్నపట్టణమునుండి కూలీలను తీసికొని ట్రూరో అను ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరినది. ఆ ఓడల జాబితాలలో ఒక్కొక్క మనిషికి పేరు, తండ్రిపేరు, వయస్సు, కులం, ఊరు వ్రాసి ఉన్నవి. మారిషస్‌లో వలసకూలీల ముఖచిత్రములు తీసి రికార్డులలో భద్రపరచినారు. నేడవి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నవి. తీసినవారి ఉద్దేశము కూలీ పారిపోకుండ పట్టుకొనుటయే. కాని అక్కడి తెలుగువారి మునిమనుమలకు నేడు తమ ముత్తాత ముఖం చూపేది ఆ పటమే. దొర గుమస్తా వినికిడినిబట్టి వంకరగా వ్రాసిన ఊరిపేరు చేతబట్టుకొని, వారు మన తీరానికి వచ్చి అడుగుతున్నారు. ఆ సమయమున ఇక్కడి ఇంటిలో జ్ఞాపకము లేకపోతే ఆ వంతెనకు ఇవతలి గట్టు ఉండదు.

ఇవతలి గట్టు కూడ స్థిరము కాదు. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నీరు విజయపురి లోయను ముంచినది. ప్రాచీనశిల్పములను కొండమీదికి, అనుపుకు చేర్చి కాపాడినారు. లోయలోని పల్లెలవారు తమ గోడలమీది పటములను తామే మోసుకొన్నారు. మన పిడుగురాళ్లకు చేరువలోనే, కృష్ణమీద 2013లో పూర్తియైన పులిచింతల జలాశయములోను గ్రామములు మునిగినవి. ఇల్లు వదలేనాడు బండిలో మంచము ఎక్కుతుంది, బియ్యపుబస్తా ఎక్కుతుంది. పగిలిన అద్దం పటము ఎక్కుతుందో లేదో, అందులోనివారు ఎవరో తెలిసిన మనిషి ఆ ఇంట ఉన్నదానినిబట్టి ఉంటుంది.

కావున చేయవలసిన పని పెద్దది కాదు. పటమును నేరుగా ఎండ, నేరుగా తడి తగలనిచోట ఉంచండి. పడమటి గోడ చెమ్మగిల్లితే గోడ మార్చండి. జిగురుతో అట్టకు అంటించవద్దు. చిరిగినచోట అంటుకాగితం వేయవద్దు. వెనుకవైపు మెత్తని పెన్సిలుతో, ఒత్తకుండ, ఎడమనుండి కుడికి పేర్లు వ్రాయండి. సిరా వ్రాస్తే ఇవతలికి ఊరుతుంది. నేడు చేతిలోని ఫోనుతోనే నకలు తీసి నలుగురు బంధువులకు పంపవచ్చును. ఒకరి ఇంట పోయినా మరొకరి ఇంట నిలుస్తుంది. అంతకంటె ముఖ్యముగా, పటం చూస్తూ పెద్దలు చెప్పే మాటలను వారి గొంతుతోనే పట్టి ఉంచండి. గాలిలో మాట గాలిలోనే పోతుందని మా వృత్తిలో ఉన్నవారికి తెలిసినంతగా ఇతరులకు తెలియదు. అడిగేటప్పుడు "మన తాతలు ఎవరు" అని మాత్రమే అడగకండి. "ఈ ఇంట పిల్లలు లేకుండ పోయినవారు ఎవరు, పుట్టింటనే ఉండిపోయినవారు ఎవరు, ఊరు విడిచి తిరిగిరానివారు ఎవరు" అనికూడ అడగండి.

మేము బయలుదేరునప్పటికి గోడకు వెల్ల రెండవ పూత వేస్తున్నారు. ఆ యువకుడు వంశవృక్షం కాగితంమీద ముత్తాత పేరుప్రక్క ఒక గీత గీచి, తన నాయనమ్మ చెప్పినట్లు ఆమె పేరు వ్రాస్తున్నాడు. "పేరుక్రింద ఏమి వ్రాయను, నాయనమ్మా? పిల్లలు లేరుగదా" అని అడిగినాడు.

"పొలం విడిపించిందని రాయి" అన్నది ముసలమ్మ.